దొరగారి చిన్న కారు, దాని పెద్ద పేరు

రాజమండ్రి,
9 జూన్ 1998

తమ్ముడు సుకుమార్‌కి,

ప్రభువు దయవల్ల నువ్వూ, మరదలు సత్యకుమారీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాగపూర్ ఎండల గురించి పేపర్లో చదివి మీ గురించే అనుకున్నాను. ఇక్కడ రెండు జల్లులు పడ్డాయి. వాటితో పాటు దోమలూ దిగాయి.

మార్చి ఆఖరున ఆస్పత్రిలో నా రిటైర్మెంట్ సభ జరిగింది. శాలువా, గోడ గడియారం ఇస్తారని ముందే తెలిసి సెక్రటరీగారి గదికి వెళ్ళాను. "అవేవీ వద్దండి. షెడ్డులో ఉన్న మన పాత పెద్ద డాక్టరు ఎడ్మండ్ దొరగారి కారు ఇప్పించండి" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది కదలదు కదండీ సిస్టర్‌గారూ" అన్నారు. "నేను కదిలిస్తానండి" అన్నాను. ఆ షెడ్డు కొట్టేసి ఎక్స్‌రే గది కడతారట. అందుకని వాళ్ళకీ పీడ వదిలినట్టయింది.

మొత్తానికి మినీ కూపర్ మన ఇంటికొచ్చింది. ట్రాక్టరుకి తాడు కట్టి లాక్కొచ్చారు. దొరగారు అరవై ఏడులో ఓడ మీద తెప్పించిన బండి. నువ్వు నాలుగేళ్ళు నడిపావు. నువ్వు పటాలంలో చేరాక దొరగారు దగ్గర కూర్చుని నాకు నేర్పారు. ఆయన ఇంగ్లండు వెళ్ళిపోయాక పంతొమ్మిదేళ్ళు షెడ్డులోనే ఉండిపోయింది. ఎర్ర రంగు వెలిసింది కానీ పైన తెల్ల టాపు తుడిస్తే మెరుస్తోంది.

అసలు సంగతి ఇది. ఇక్కడ కొత్తగా మోటారు క్లబ్బు పెట్టారు. అక్టోబరు రెండో తారీఖున కార్ల ర్యాలీ. రాజమండ్రి నుంచి కడియం, మండపేట, రామచంద్రపురం, ద్రాక్షారామం, కాకినాడ, సామర్లకోట మీదుగా మళ్ళీ ఇక్కడికి. నా పేరిచ్చేశాను. ఫారంలో డ్రైవరు వయసు యాభై ఎనిమిది అని రాస్తే, అక్కడి అబ్బాయి ముప్ఫై ఎనిమిది అని దిద్దబోయాడు. వద్దన్నాను.

నువ్వు వర్క్‌షాపులో ఫోర్‌మన్‌వి. ఒక్క వారం సెలవు పెట్టి వచ్చి ఇంజను చూడు. ఈ బండి గురించి నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

నీ జవాబు కోసం పోస్ట్‌మాన్‌ని రోజూ అడిగే
అక్క దేవకుమారి


నాగపూర్,
24 జూన్ 1998

అక్కకి,

ఉత్తరం అందింది. మేం బాగానే ఉన్నాం. సత్యకుమారి మోకాలికి నువ్వు రాసిన నూనె దొరికింది. గుణం కనిపిస్తోంది.

కారు గురించి ఒక్కసారే చెప్తాను. మళ్ళీ అడగొద్దు. ఇరవయ్యేళ్ళు మిలటరీ లారీలు, జీపులు విప్పి బిగించాను. ఇప్పుడు రోజూ బస్సులు చూస్తున్నాను. ఏ బండి ఎందుకు పనికొస్తుందో నాకు తెలుసు.

మినీ కూపర్ మాంటే కార్లో ర్యాలీ మూడుసార్లు గెలిచిందని దొరగారు ఎప్పుడూ చెప్పేవారు. గెలిచింది, కాదనను. అది మంచు మీద, నున్నటి కొండ రోడ్ల మీద. మన కాలువ గట్లు వేరు. దాని చక్రం పది అంగుళాలు, మన గోతులు పన్నెండు అంగుళాలు. ఇంజను అడ్డంగా పెట్టి, దాని కిందే గేరుబాక్సు పెట్టారు. ఒక రాయి తగిలిందంటే రెండూ ఒకేసారి పోతాయి. తలుపు తీస్తే రోడ్డు చేతికి అందుతుంది. గుండ్రటి దీపాలు, ముద్దొచ్చే ఆకారం, ఫారిన్ సినిమాల్లో పరుగులు. వీటితో దానికి స్టైలు బండి అని పేరొచ్చింది. స్టైలు వేరు, పని వేరు. పని పడిన రోజున అది ఆగిపోయింది. ఆ రోజు నువ్వు నా పక్క సీట్లోనే ఉన్నావు.

పాత ఇనప సామాన్లవాడికి ఇచ్చెయ్యి. నీకు తిరగడానికి బండి కావాలంటే ఒక మారుతి చూసి పెడతాను. ర్యాలీలూ అవీ మనకెందుకు?

ఉంటాను.
సుకుమార్


రాజమండ్రి,
12 జూలై 1998

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, కొంచెం కోపమూ వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ కిందట బండిని రాత్రంతా వానలో గట్టు మీద ఉంచేశావని ఆస్పత్రి కమిటీ గుమాస్తా నిన్ను నాలుగు మాటలన్నాడు. నువ్వు రోషపడి పటాలంలో చేరిపోయావు. ఆ గుమాస్తా పోయి పదేళ్ళయింది. ఇంకా ఆ కోపం బండి మీద ఎందుకురా? సెలవుల్లో వచ్చినప్పుడల్లా కారు మాటెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడివి. అమ్మ నా చెయ్యి నొక్కి ఊరుకోమనేది. ఇప్పుడు అమ్మ లేదు. నేను ఊరుకోను.

నువ్వు రానన్నావు కాబట్టి మెకానిక్ అమ్మిరాజుని పట్టుకున్నాను. జాంపేటలో పనిచేస్తాడు. వెనక సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి. పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు గోకడానికే మూడు రోజులు పట్టింది. స్ప్రింగులు ఎక్కడా కనిపించక అమ్మిరాజు బండి కింద దూరి వెతికాడు. "ఇదేంటండి మేడంగారూ, స్ప్రింగు ఉండాల్సిన చోట రబ్బరు ముద్దలున్నాయి" అని ఆశ్చర్యపోయాడు. మూడో తారీఖున ఇంజను పలికింది. వీధిలో పిల్లలూ పెద్దలూ చేరిపోయారు.

నిన్న ధవళేశ్వరం దాకా తోలాను. దొరగారి మాట అబద్ధం కాదు సుకుమార్. నాలుగు చక్రాలూ నాలుగు మూలలా ఉన్నాయి, ముందు చక్రాలు లాగుతాయి. పెద్ద ఇంజన్ల బళ్ళు మలుపు మలుపుకీ నెమ్మదిస్తే ఇది నెమ్మదించక్కర్లేదు. గెలిచింది అందుకే. గట్టు మీద ఎదురుగా ఎడ్లబండి వస్తే అంబాసిడరు వాడు వెనక్కి పోవాలి. నేను పక్కనుంచి వెళ్ళిపోయాను. నడుం నొప్పి మాత్రం పుట్టింది. అది ఒప్పుకుంటాను.

పక్కన కూర్చుని దారి చెప్పడానికి మంచి అమ్మాయి దొరికింది. పేరు వీరవేణి. వాళ్ళది బుర్రిలంకలో పూలమొక్కల నర్సరీ. మొక్కల లారీలకి ఏ దారిన వెళితే ఎంతసేపు పడుతుందో చెప్పే పని ఆ అమ్మాయిదే. మనం ఆ రోజు ఆగిపోయామే, వేమగిరి దాటాక, ఆ గట్టు మీదుగానే పోటీ దారి. అక్కడే గట్టిగా హారను కొడదామని చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మాటకి మాట రాసినందుకు ఏమీ అనుకోకు.
దేవక్క


నాగపూర్,
30 జూలై 1998

అక్కకి,

నీ ఉత్తరం పది రోజులుగా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. జవాబు రాయకూడదనే అనుకున్నాను. సత్యకుమారి పోరు పడలేక రాస్తున్నాను.

గుమాస్తా మాటలకి ఇల్లొదిలి పోయేవాణ్ణని ఇన్నేళ్ళూ అనుకున్నావన్నమాట. సరే, అలాగే అనుకో.

నువ్వు నవ్వుకున్న చోటు గురించి మాత్రం ఒక మాట. ఆ గట్టు మీద నేను బానెట్ ఎత్తి, తడిసిన వైర్లు చొక్కాతో తుడుస్తూ ఏడ్చాను. నువ్వు సంచీ నెత్తిన పెట్టుకుని వానలో నడిచి వెళ్ళిపోయావు. రెండు మైళ్ళు. నేను బండి దగ్గరే ఉండిపోయాను. అవతల ఇంట్లో పురిటి నొప్పులు పడుతున్న మనిషి చనిపోయింది. ఒక ప్రాణం పోయిన దారిలో హారను కొట్టుకుంటూ పోటీకి వెళ్ళడానికి నీకు మనసెలా ఒప్పింది? నువ్వు నర్సువి, ఎన్నో చావులు చూసి ఉంటావు. నేను చూసింది అదొక్కటే, అది నా చేతి మీదుగా జరిగింది.

ఆ బండికి వచ్చిన పేరు తగిందా కాదా అనే మాట నాతో ఎత్తకు.

సుకుమార్


రాజమండ్రి,
5 ఆగస్టు 1998

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవకుండా రాస్తున్నాను.

ఎవరు చనిపోయారు? ఆ రోజు ఎవరూ చనిపోలేదు. మళ్ళీ రాస్తున్నాను, ఎవరూ చనిపోలేదు. నేను వెళ్ళేసరికి బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. మంత్రసాని చేతులెత్తేసింది. దొరగారు నేర్పినట్టే చేశాను. సాయంత్రం నాలుగింటికి ఆడపిల్ల పుట్టింది. తల్లి పేరు రత్నమాణిక్యం. ఇప్పుడు నర్సరీలో పాతికమందితో పని చేయిస్తోంది. ఆ గొంతు కడియం దాకా వినిపిస్తుంది. ఆ పుట్టిన పిల్లే వీరవేణి. నా పక్కన కూర్చుని దారి చెప్పబోయే పిల్ల. నువ్వొచ్చాక చెప్పి ఆశ్చర్యపరచాలని ముందు రాయలేదు.

ఆ రోజు తల్లీబిడ్డా బతికారని నీకు తెలుసనే అనుకున్నాను. తెలియకపోవడం ఎలా సాధ్యమో నాకు అర్థం కావడం లేదు. మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకెళ్ళడానికి వస్తావని ఎదురుచూశాను. నువ్వు రాలేదు. ఎడ్లబండిలో ఇంటికొచ్చేసరికి కారు షెడ్డులో ఉంది, తాళాలు వరండా బల్ల మీద ఉన్నాయి, నువ్వు రైలెక్కేశావు. నువ్వేమైనా బుర్రిలంక దాకా వచ్చావా? ఆ తెల్లవారుజామున ఆ ఇంట్లో ముసలాయన, రత్నమాణిక్యం మామగారు, పోయాడు. ఆరు నెలలుగా పక్షవాతంతో మంచం మీద ఉన్న మనిషి. మనవరాలి ఏడుపు విని, నవ్వి, తెల్లారేసరికి వెళ్ళిపోయాడు. నువ్వు చూసింది ఆ పాడేనా?

వెంటనే జవాబు రాయి. రాయలేకపోతే టెలిగ్రాం ఇవ్వు.

అక్క


నాగపూర్,
20 ఆగస్టు 1998

అక్కా,

వచ్చాను. తెల్లారగానే వైర్లు ఆరి, బండి స్టార్టయింది. ఊరి మొదట్లో డప్పులు వినిపించాయి. ఏ ఇంట్లో అని ఎదురొచ్చిన మనిషిని అడిగాను. "పురుటింట్లోనే బాబూ" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఎవరు అని అడిగి ఉంటే ఒక్క మాటతో అయిపోయేది. బండి తిప్పేశాను. ఆ రోజు మధ్యాహ్నం పాసింజరుకి వెళ్ళిపోయాను.

నీ ఉత్తరం సత్యకుమారి చదివి వినిపించింది. నేను ఇంకోసారి చదవమన్నాను. తర్వాత వర్క్‌షాపుకి వెళ్ళాను కానీ బిగించిన నట్టునే మళ్ళీ విప్పాను. కుర్రాళ్ళని పనిచేసుకోమని చెప్పి బయట బెంచీ మీద కూర్చున్నాను. పెళ్ళయిన కొత్తలో సత్యకుమారి కాన్పుకి నేను ఆస్పత్రి గుమ్మం ఎక్కలేదని నీకు గుర్తుండే ఉంటుంది. బిడ్డ దక్కనప్పుడు నా పాపమే తగిలిందనుకున్నాను. ఆ మాట ఆమెకి మొన్నే చెప్పాను. వచ్చి నా పక్కన కూర్చుంది. తర్వాత "ముందే చెప్పాల్సింది" అంది.

నీ బండి సంగతి. ఇప్పుడు చెప్పేది కోపంతో కాదు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు ముందు జాలీ వెనకే ఉంటుంది. వాననీళ్ళు తిన్నగా దాని మీద పడకుండా ఒక అడ్డుతెర ఉండాలి. ఆ ఏడాది వేసవిలో ముందు భాగం సొట్టలు తీయించినప్పుడు ఆ తెర తీసి, మళ్ళీ పెట్టలేదు. పెట్టించాల్సింది నేను. గుర్తుంది. అంటే తప్పు బండిది కాదు. ఇరవై నాలుగేళ్ళు దాని మీద వేసి తిరిగాను.

అమ్మిరాజుతో ఇవి చూడమను: ఇంజను కింద రేకు కవచం బిగించాలి. ఇంజను, గేర్లు ఒకే నూనెలో తిరుగుతాయి, కాబట్టి పోటీకి ముందు నూనె మార్చాలి. టైర్లలో గాలి పొద్దున్నే చూడాలి. ఒక్కదానివే పది మైళ్ళకి మించి ట్రయలుకి వెళ్ళకు.

పోటీకి నేను రాలేను. సెలవు దొరకదని కాదు. ఆ అమ్మాయి ఎదుట నిలబడే ధైర్యం ఇంకా రాలేదు.

నీ తమ్ముడు
సుకుమార్


రాజమండ్రి,
4 అక్టోబరు 1998, ఆదివారం

మా బంగారు తమ్ముడికి,

గెలిచాం. ముందు అది రాసేస్తే స్థిమితంగా మిగతావి రాయచ్చు. ఇరవై ఏడు కార్లలో మొదటి స్థానం మాదే. ఈ పూట గుడిలో పాస్టరుగారు ప్రకటనల్లో చదివారు. వెనక బెంచీల వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆరాధనలో అలా కొట్టకూడదని తర్వాత మందలించారులే.

ఇది ఎవరు ముందొస్తే వాళ్ళు గెలిచే పోటీ కాదు. ఒక్కో ఊరికి ఇన్ని నిమిషాల్లో చేరాలని లెక్క. ఆలస్యమైనా తప్పే, తొందరగా వచ్చినా తప్పే. నిమిషానికి ఒక మార్కు పోతుంది. వీరవేణి ఒళ్ళో కాగితం, చేతిలో గడియారం పెట్టుకుని "కొంచెం తగ్గించండి పిన్నిగారూ", "ఇప్పుడు తొక్కండి" అంటూనే ఉంది. బుర్రిలంక దగ్గర రత్నమాణిక్యం నర్సరీ జనాన్నంతా గట్టు మీదికి తెచ్చి బంతిపూలు చల్లించింది. అద్దం నిండా పూలే. వైపరు వేసి తుడిస్తే ఇంకా అతుక్కున్నాయి. అక్కడ అర నిమిషం పోయింది.

నువ్వు చెప్పిన అడ్డుతెర ఎక్కడా దొరకలేదు. పోటీకి వారం ముందు బానెట్ ఎత్తి ఆ డిస్ట్రిబ్యూటరుని చూస్తూ నిలబడ్డాను. దాన్నుంచి అయిదు వైర్లు వస్తున్నాయి. అయిదు వేళ్ళు. లోపలికెళ్ళి ఆపరేషన్‌కి వాడే రబ్బరు గ్లవ్ ఒకటి తెచ్చాను. వేళ్ళ చివర్లు కత్తిరించి, ఒక్కో వేలులోంచి ఒక్కో వైరు లాగి, మొత్తం దానికి తొడిగేశాను. అమ్మిరాజు చూసి, "ముప్ఫై ఏళ్ళుగా రెంచీలు పట్టుకుంటున్నానండి, నాకిది తట్టలేదు" అన్నాడు. రామచంద్రపురం దాటాక కుండపోత వాన. రెండు కార్లు రోడ్డు పక్కన బానెట్లెత్తుకుని ఆగిపోయాయి. మాది దగ్గనైనా దగ్గలేదు.

ద్రాక్షారామం దగ్గర గట్టు మీద కొబ్బరికాయల ట్రాక్టరు చక్రం దిగబడి అడ్డంగా నిలిచిపోయింది. మా ముందు పెద్ద జీపు. అది దాటలేదు, తిరగలేదు. వీరవేణి దిగి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, సందు ఎంతుందో అడుగులతో కొలిచింది. "అయిదు అడుగులుందండి" అంది. మన బండి వెడల్పు నాలుగున్నర అడుగులకి కాస్త పైన. అద్దం మడిచి, ఎడమ చక్రం గడ్డి అంచున పెట్టి, ఊపిరి బిగబట్టి తోలాను. ఒక పక్క ట్రాక్టరు, ఇంకో పక్క కాలువ. దాటాక ట్రాక్టరు మనిషి తలపాగా తీసి ఊపాడు.

సామర్లకోటలో రైలు గేటు పడింది. వీరవేణి కాగితం మీద మళ్ళీ లెక్క కట్టి, పెద్దాపురం దాకా ఎంత వేగంతో వెళ్ళాలో చెప్పింది. మొత్తం మీద మాకు పోయినవి రెండు మార్కులు. రెండో వాళ్ళకి అయిదు. ఆ కారు ఎంత పెద్దదో రాస్తే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది.

కప్పు ఇచ్చేటప్పుడు క్లబ్బు ప్రెసిడెంటుగారు "చాలా స్టైలైన బండండి" అన్నారు. నాకు నీ మాట గుర్తొచ్చింది. స్టైలు కాదండి, పనిమంతురాలు అన్నాను. నిజం చెప్పాలంటే కింది రేకు రెండుసార్లు గీసుకుంది, నా నడుం ఇంకా పట్టేసే ఉంది. నువ్వు చెప్పిన లోపాలన్నీ ఉన్నాయి. అవన్నీ ఉండి గెలిచింది.

వీరవేణికి ఆ రోజు సంగతంతా చెప్పాను. నీ గురించి కూడా. "ఆయన్ని ఒకసారి రమ్మనండి పిన్నిగారూ, మా అమ్మ చూడాలంటోంది" అంది. రత్నమాణిక్యం రమ్మందంటే రావాల్సిందే. నాకు ఆవిడకి ఎదురుచెప్పే ధైర్యం లేదు.

కప్పు పక్కనే పెట్టుకుని రాస్తున్న
అక్క


నాగపూర్,
26 నవంబరు 1998

అక్కా,

క్షేమంగా చేరాం. నువ్వు కట్టిచ్చిన జంతికలు బల్లార్షా దాటకముందే అయిపోయాయి. సత్యకుమారి తెచ్చుకున్న గులాబీ మొక్కలు మాత్రం కిటికీ పక్కన పదిలంగా వచ్చాయి.

ఇంటి దగ్గర చెప్పలేని మాటలు కొన్ని ఉన్నాయి. రత్నమాణిక్యంగారి వాకిట్లో దిగినప్పుడు క్షమాపణ అడగాలని రైల్లోనే మాటలు తయారు చేసుకున్నాను. ఆవిడ వాటిని నోట్లోంచి రానివ్వలేదు. "మీ అక్కగారిని వేమగిరి దాకా తీసుకొచ్చింది ఎవరు బాబూ? అక్కడిదాకా నువ్వు తేకపోతే ఆవిడ రాజమండ్రి నుంచి నడిచేవారా?" అని అడిగింది. నేను ఆ వైపు నుంచి ఏనాడూ ఆలోచించలేదు. అన్నం పెట్టింది. మూడుసార్లు వడ్డించింది. వీరవేణి నాకు ఎదురుగా కూర్చుని, ఇంజను అడ్డంగా ఎందుకు పెట్టారని అడిగింది. విస్తరాకు మీద వేలితో గీసి చూపించాను. ఒక్కసారి చెప్తే పట్టేసుకుంది.

తర్వాత నువ్వు తాళాలు నా చేతిలో పెట్టావు. సత్యకుమారి పక్కన, మీ ముగ్గురూ వెనకాల. అయిదుగురం ఆ అగ్గిపెట్టెలో పట్టామంటే ఇక్కడ ఎవరూ నమ్మడం లేదు. ఆ గట్టు మీద మలుపులో వెళ్తుంటే స్టీరింగు అరచేతుల్లో రోడ్డుని చెప్పింది. ఇరవయ్యేళ్ళలో ఎన్నో బళ్ళు నడిపాను, ఏదీ అలా చెప్పలేదు. నేను నవ్వుతున్నానని సత్యకుమారి చెబితేగాని నాకు తెలియలేదు.

కాబట్టి నా తీర్పు రాతపూర్వకంగా ఇస్తున్నాను. మినీ కూపర్‌కి వచ్చిన పేరు దానికి తగినదే. సినిమాల వల్ల వచ్చిన పేరు ఎలాగూ ఉంది, దాన్ని పక్కన పెట్టు. చిన్నగా ఉండి, తన కొలతలు తను తెలుసుకుని, పెద్దవాళ్ళు ఆగిన చోట ముందుకి పోయినందుకు వచ్చిన పేరుంది చూడు, అది న్యాయంగా సంపాదించుకున్నది. నడుం మాత్రం నాకూ పట్టేసింది.

ఇంకో సంగతి. మొన్న ఇక్కడ ఒక పాత ఫియట్ కొన్నాను. ఆదివారాలు దాన్ని విప్పుతున్నాను. సత్యకుమారి పటం పట్టుకుని దార్లు చదవడం నేర్చుకుంటోంది, ఎడమ కుడి కాస్త తికమక పడుతోంది. వచ్చే ఏడాది ర్యాలీకి మా ఇద్దరి పేర్లూ మీ క్లబ్బుకి నిన్ననే పోస్టు చేశాను. వీరవేణికి చెప్పు, మేం మీ బండి పక్కన సాయం చేయడానికి రావడం లేదు. మిమ్మల్ని ఓడించడానికి వస్తున్నాం.

నీ పోటీదారుడు,
సుకుమార్